హేజెల్ తాడు వదలని రోజు

ఆ వేసవిలో హేజెల్ ఉన్నట్టుండి మాటకారి అయిపోయింది.

మా హోల్మెర్ రేవులో అందరికీ అది వింతే. ఆమె మొగుడు మాల్కమ్ పడవ నడుపుతాడు. ఆమె తాళ్లు కడుతుంది, సైకిళ్లు ఎక్కిస్తుంది, టిక్కెట్లు చింపుతుంది. ఈస్టర్ నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా ఇద్దరికీ అదే పని, హోల్మెర్ నుంచి ఎదుటి ఒడ్డు స్టోక్‌లీకి, స్టోక్‌లీ నుంచి మళ్లీ హోల్మెర్‌కి. నడిచి తిరిగేవాళ్లూ సైకిళ్లవాళ్లే ఆ పడవెక్కేది. కార్లున్నవాళ్లు హార్బర్ చుట్టూ తిరిగి పోతారు. అదే చుట్టు కాలినడకన పోవాలంటే పాయలూ బురదా తప్పించుకుంటూ రోజు సగం గడిచిపోతుంది.

ఇన్నేళ్లలో పడవలో హేజెల్ నోట "జాగ్రత్త, మెట్టు తడిగా ఉంది" తప్ప ఇంకో మాట విన్నవాళ్లు లేరు. అలాంటిది ఆ ఏడాది పడవ ముందు భాగంలో నిలబడి ఒకటే కబుర్లు. "అబ్బ, అటు చూడండి, సరిగ్గా మన ముందే ఎర్ర తెడ్డు పడవ! ఎంత ముద్దుగా ఉందో!" అనేది. అందరూ తలలు తిప్పి చూసేవాళ్లు. వెనక మాల్కమ్ చక్రం కాస్త తిప్పేవాడు. "తెల్ల తెరచాప పడవొకటి మనకి అడ్డంగా పోతోంది, హాయిగా తిరుగుతున్నారు కదూ!" అనేది. మాల్కమ్ వేగం తగ్గించేవాడు. ఎక్కినవాళ్లు ఆమెని తెగ మెచ్చుకునేవాళ్లు.

నా పేరు ప్రూ. హోల్మెర్ రేవు పక్కన టీ కొట్టు నాది. రోజూ మొదటి పడవలో స్టోక్‌లీ వెళ్లి బేకరీలో బన్నులు తెచ్చుకుంటాను. అలా రోజూ చూస్తుంటే మాల్కమ్‌లో ఒక తేడా కనబడింది. కోడి గింజని చూసినట్టు తల ఒక పక్కకి వాల్చి, కంటి కొసతో ముందుకి చూసేవాడు. మా కొట్లో టీ ఇస్తే కప్పుకి ఇవతల చెయ్యి పెట్టి తడుముకునేవాడు. ఒకరోజు హేజెల్‌నే అడిగేశాను, మీ ఆయనకి కళ్లు బాగానే ఉన్నాయా అని.

"మెడ పట్టేసింది ఆయనకి," అంది.

"ఈస్టర్ నుంచా?"

"మొండి మెడలే," అని పక్కకి వెళ్లిపోయింది.

ఆగస్టులో ఒక శనివారం, ఎండ బాగా కాస్తున్న పొద్దున, మొదటి పడవే నిండిపోయింది. సైకిళ్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. సగం దూరం వచ్చాక రెండు సైకిళ్ల పెడళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. వాటి సొంతదారులు నీది తియ్యి అంటే నీది తియ్యి అని వాదన మొదలుపెట్టారు. హేజెల్ వెనక్కి వెళ్లి వాటిని విడదీస్తోంది. పడవ ముందు భాగంలో ఎవరూ లేరు.

నేను బన్నుల కోసం తెచ్చిన ఖాళీ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. తలెత్తి చూస్తే సరిగ్గా మా ఎదురుగా, నీళ్ల మీద తేలే పొడవాటి పలక మీద నిలబడి తెడ్డు వేసుకుంటున్న ఒకావిడ, గడ్డి టోపీ పెట్టుకుని, మాకు వీపు చేసి ఉంది. మేము తిన్నగా ఆవిడ మీదికే పోతున్నాం.

"మాల్కమ్! ముందు! ముందు మనిషుంది!" అని అరిచాను.

"ఏ పక్క?" అన్నాడు మాల్కమ్.

పట్టపగలు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో మనిషి ఉంటే ఏ పక్క అని అడిగాడు. పడవలో అందరూ విన్నారు.

హేజెల్ సైకిళ్ల మీంచే దూకి ఇంజన్ పిడిని వెనక్కి లాగింది. పడవ ఒణికి ఆగింది. మేం లేపిన అలకి పలక ఒరిగి ఆవిడ నీళ్లలో పడింది. ఒక్క క్షణం టోపీ మాత్రమే కనబడింది. తర్వాత ఆవిడ పైకి తేలి, నోట్లో నీళ్లు ఉమ్మేసి, "గుడ్డివాడివా ఏంటి నువ్వు?" అని అరిచింది.

హేజెల్ వంగి క్షమాపణ చెప్పింది, దెబ్బలేమైనా తగిలాయా అని మళ్లీమళ్లీ అడిగింది. తగల్లేదు. ఆవిడ తిట్టుకుంటూ పలక ఎక్కి వెళ్లిపోయింది.

"అడ్డంగా వచ్చింది," అన్నాడు మాల్కమ్ చక్రం పట్టుకుని. మిగతా సగం దూరం హేజెల్ ముందు నిలబడింది కానీ, ముద్దుగా ఉన్న పడవల గురించి ఒక్క మాటా అనలేదు. ఎడమ, కుడి, ఆగు, పద. అంతే.

స్టోక్‌లీలో జనం దిగారు. నేను గబగబా బేకరీకి వెళ్లి వచ్చాను. వచ్చేసరికి తిరుగు పడవకి జనం ఎక్కి కూర్చున్నారు. ఇంజన్ నడుస్తోంది. హేజెల్ రేవు మీదే నిలబడి ఉంది. తాడు ఇంకా గుంజకి చుట్టే ఉంది, దాని కొస ఆమె చేతిలో ఉంది.

"తాడు వదులు," అన్నాడు మాల్కమ్.

"వదలను."

"టైమవుతోంది హేజెల్."

"కానీ. నువ్వు చక్రం దగ్గర్నించి లే, వదుల్తాను."

అతను నవ్వబోయాడు. "జనం చూస్తున్నారు."

"చూడనీ. వాళ్లకైనా కనబడుతుంది."

ఆ మాట అన్నాక ఆమె మొహం పాలిపోయింది. వెనక్కి తీసుకుందామన్నట్టు నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. మాల్కమ్ ఇంజన్ ఆపాడు.

"ఇన్నాళ్లూ నాతో ఆడుకున్నావా? ఎర్ర పడవలు, తెల్ల పడవలు అని?" అన్నాడు.

"ఆడుకోలేదు. కాపాడుకున్నాను. ఇవాళ పెడళ్లు ఇరుక్కుంటే ఏమైందో చూశావుగా. డాక్టర్ దగ్గరికి పోదాం అని మే నెల నుంచి మొత్తుకుంటున్నాను. సీజన్ అయ్యాక అన్నావు. ఎవరో ఒకరి ప్రాణం పోయాక వెళ్దామా?"

"లైసెన్సు నాది."

"నాకూ ఉంది. ఏటేటా పరీక్షకి వెళ్తుంటే, నీకెందుకది, ఇంట్లో గోడకి తగిలించుకోడానికా అనేవాడివి."

సైకిల్ టోపీలు పెట్టుకున్న జనం నేల చూపులు చూస్తున్నారు. మాల్కమ్ లేచాడు. కోటు తీసుకున్నాడు. రోజూ పైజేబులో పెట్టుకునే ఫోన్ చక్రం పక్కన అరమీదే వదిలేశాడు. రేవు మీదికి అడుగేస్తూ ఒక్కసారి తడబడ్డాడు. హేజెల్ చెయ్యి చాచింది. అతను ఆ చేతిని పట్టుకోలేదు.

"ఎక్కి కూర్చో. ఇంటికి పోదాం," అంది హేజెల్.

"ఆ బెంచీ మీదా? నా పడవలో నేను టిక్కెట్టు కొని కూర్చోవాలా? నడిచి వస్తాను."

"చుట్టూనా? ఈ ఎండలోనా?"

"కాళ్లు బాగానే ఉన్నాయి. వాటిక్కూడా నువ్వే దారి చెప్తావా?"

అలా అని రేవు దాటి, పడవల షెడ్డు పక్క నుంచి తీరం దారి పట్టాడు. హేజెల్ ఆ తాడు కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనకాల పరిగెత్తుతుందేమో అనుకున్నాను. కానీ పడవ నిండా జనం, అవతల రేవులోనూ జనమే. ఆమె ఒకసారి దారికేసి, ఒకసారి నీళ్లకేసి చూసి నావైపు తిరిగింది.

"ప్రూ, నీకు ముడి వెయ్యడం వచ్చా?"

"బూట్లకి వేసుకుంటాను."

"చాలు. ఎక్కు. ఇవాళ నీ కొట్టు మూసే ఉంచు."

అలా ఆ రోజు నేను తాళ్ల మనిషినయ్యాను. హేజెల్ చక్రం పట్టుకుంది. నడపడం ఆమెకి బాగానే వచ్చు, రేవుకి ఆనించేటప్పుడు మాత్రం కాస్త గట్టిగా తగిలించింది. నా బన్నుల్లో సగం జనమే కొనుక్కుని తినేశారు. హోల్మెర్‌లో మూసిన టీ కొట్టు చూసి తిట్టుకున్నవాళ్లకి పడవలోంచే క్షమాపణలు చెప్పాను.

ఒక రేవులో దించి, ఇంకో రేవులో ఎక్కించి తిరుగుతూనే ఉన్నాం. హేజెల్ చూపు ఒక్కచోట నిలవలేదు. స్టోక్‌లీకి వెళ్తుంటే వెనక్కి తిరిగి హోల్మెర్ దారికేసి చూసేది, హోల్మెర్ వస్తుంటే స్టోక్‌లీ తీరాన్ని చూసేది. ఎక్కే ప్రతి మనిషినీ ఒకటే ప్రశ్న అడిగేది. "దారిలో ఒక పెద్దాయన కనబడ్డాడా? నీలం కోటు, తల ఇలా పక్కకి పెట్టి నడుస్తాడు."

మొదట కబురు తెచ్చింది వీపు సంచీలు వేసుకున్న ఒక జంట. చర్చి దగ్గర చూశామన్నారు, వడివడిగా పోతున్నాడట. హేజెల్ కాస్త ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఒక సైకిల్ అతను చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఆయన మీకు తెలుసా? సందు మధ్యలో నడుస్తున్నాడండీ. గంట మీద గంట కొట్టాను. తప్పుకోడు. పక్కనుంచి పోతే, 'సైకిలు తొక్కడం వచ్చా నీకు' అని నన్నే తిట్టాడు!"

"ఆయనే," అంది హేజెల్. "క్షమించండి. ఎంతసేపయింది?"

"గంట అయ్యుంటుంది. మంచినీళ్లు ఇస్తానన్నా తీసుకోలేదు."

ఆ తర్వాత చాలాసేపు ఏ కబురూ లేదు. మధ్యాహ్నం దాటింది. ఎక్కినవాళ్లందరూ తల అడ్డంగా ఊపేవాళ్లే. హేజెల్ శాండ్‌విచ్ విప్పి, ఒక్క ముక్క కొరికి, మిగతాది మళ్లీ చుట్టేసింది. టిక్కెట్లు ఒకరికి రెండుసార్లు ఇచ్చింది, ఇంకొకరిని అడగనే లేదు.

"కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చేద్దామా?" అన్నాను.

"ఏమని చెప్పను? మా ఆయన అలిగి నడుచుకుంటూ పోయాడు, వెతికి పెట్టండి అనా?"

"అంతకంటే చిన్నవాటికే చేస్తారు జనం."

"ఆయన వింటే నన్ను చంపేస్తాడు," అని, కాసేపాగి, "చంపడానికైనా రానీ," అంది.

అప్పుడు వచ్చాడు ఓకమ్ గారు, మా ఊళ్లో పక్షుల్ని చూస్తూ కాలం గడిపే పెద్దమనిషి. మెడలో దుర్భిణీతో స్టోక్‌లీలో ఎక్కాడు. హేజెల్ అడక్కుండానే అన్నాడు. "మీ ఆయన ఇవాళ సెలవా? బురదదారి వైపు పోతుంటే చూశాను."

హేజెల్ చెయ్యి చక్రం మీద బిగుసుకుపోయింది.

హార్బర్ పైకొసన రెండు పాయల మధ్య, ఆటు సమయంలో నీళ్లు తీసినప్పుడు మాత్రమే బయటపడే దారి ఒకటుంది. ఇటూ అటూ కర్రలు పాతి ఉంటాయి. ఆ కర్రల మధ్య అడుగు వేస్తే గట్టి నేల, తప్పితే తొడల్లోతు బురద. ఆ దారిన పోతే సగం చుట్టు కలిసొస్తుంది. మాల్కమ్ చిన్నప్పటి నుంచీ ఎరిగిన దారే. కానీ పోటు మొదలై అప్పటికే చాలాసేపయింది. మా రేవు పక్కన పొద్దున తేలి ఉన్న బురద మొత్తం నీళ్ల కిందికి పోయింది.

"దాటడం చూశారా?" అంది హేజెల్.

"లేదమ్మా. గట్టు దిగి పోతున్నాడు. అప్పుడే కొంగ ఒకటి లేచింది, నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను."

"కొంగ!" అంది హేజెల్. "కొంగట!"

లేచి నిలబడి జనం వైపు తిరిగింది. "అయ్యా, అమ్మా, వినండి. నేనిప్పుడు పడవని పైపాయకి తీసుకెళ్తున్నాను. మా ఆయన బురదలో చిక్కుకున్నాడేమో. తొందర ఉన్నవాళ్లు దిగిపోండి. మీ డబ్బులు మీకిచ్చేస్తాను. కోపం వస్తే తర్వాత తిట్టండి."

ఇద్దరు గొణుక్కుంటూ సైకిళ్లు దింపుకున్నారు. మిగతావాళ్లు కదల్లేదు. ఓకమ్ గారు ముందుకి వచ్చి దుర్భిణీ ఎత్తి పట్టుకున్నాడు. పాపం, మొహం కందగడ్డలా అయిపోయింది ఆయనకి.

మా పడవ కిట్టివేక్ అంత వేగంగా పోవడం నేను అంతకు ముందు చూడలేదు. ముసలి ఇంజన్ దగ్గింది, పొగ కక్కింది, చెక్కలన్నీ అదిరాయి. లంగరేసి ఉన్న షోకు పడవలవాళ్లు చేతులూపి అరుస్తున్నారు, మెల్లగా పొమ్మని. హేజెల్ వాళ్లకేసి చూడనైనా లేదు. చూస్తున్నది రెండు గట్ల మధ్య వరసగా కనబడబోయే ఆ కర్రల కోసం.

కనబడ్డాయి. సగానికి పైగా నీళ్లలో మునిగి, కొసల మీద సముద్రపు కాకులు కూర్చుని ఉన్నాయి. దారి లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నున్నటి గోధుమరంగు నీళ్లు. మనిషి లేడు.

హేజెల్ ఇంజన్ తగ్గించి, "మాల్కమ్!" అని పిలిచింది. పక్షులు లేచిపోయాయి. మళ్లీ పిలిచింది. పడవలో ఉన్న ముక్కూమొహం తెలియని జనం కూడా లేచి పిలవడం మొదలుపెట్టారు. ఎవరో ఒకాయన సైకిల్ గంట కొట్టాడు. ఏ వైపు నుంచీ జవాబు రాలేదు.

హేజెల్ ఫోన్ తీసింది. "కోస్ట్‌గార్డ్‌కి ఇప్పుడు చేస్తాను. ఏమనుకుంటే అనుకోనీ," అంది. నంబరు నొక్కబోతుంటే ఆ ఫోనే మోగింది.

మిల్లు పక్క పబ్బులో పనిచేసే ఆవిడ. గొంతు ఎంత పెద్దదంటే, నాకు కూడా వినబడింది. "హేజెల్, మీ ఆయన ఇందాక మా దగ్గర కూర్చుని రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. ఫోన్ చెయ్యొద్దన్నాడు, అందుకే చేస్తున్నాను. ఇప్పుడే బయల్దేరాడు, పెద్దరోడ్డు వెంట. మోకాళ్లదాకా బురద."

హేజెల్ ఫోన్ కోటు జేబులో పెట్టుకోబోయి కింద పడేసింది. వంగి తీసుకుని, అలా వంగే కాసేపు ఉండిపోయింది. లేచేసరికి మొహమంతా తడిసి ఉంది, కళ్లు మాత్రం నిప్పులు కక్కుతున్నాయి.

"మంచినీళ్లు తాగాడట!" అంది. "ఇక్కడ నేను శవం కోసం వెతుకుతుంటే!"

మేం హోల్మెర్ చేరేసరికి రేవులో బారెడు వరస. ఆ సాయంత్రం మాల్కమ్ వచ్చినప్పుడు మేం నీళ్ల మధ్యలో ఉన్నాం. నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ కనబడ్డాడు. నేను హేజెల్ భుజం తట్టాను. అప్పటికే చూసింది. పడవ ఆనించింది, జనాన్ని దించింది, ఎదురు చూస్తున్నవాళ్లని ఎక్కించుకుంది, అతనికేసి ఒక్కసారైనా తిరక్కుండా మళ్లీ స్టోక్‌లీకి బయల్దేరింది.

"పలకరించవా?" అన్నాను.

"కూర్చోనీ. ఎదురు చూడ్డం ఎలా ఉంటుందో తెలుస్తుంది."

ఆఖరి పడవ అయ్యాక ఇంజన్ ఆపి, తాళ్లన్నీ తనే కట్టి, అప్పుడు వెళ్లి అతని ఎదురుగా నిలబడింది. నేను కొట్టు తలుపు తీసి టీ పెట్టాను, పని ఉన్నట్టు అటూ ఇటూ సర్దుతూ.

"బురదదారిలోకి దిగావా?" అంది.

"దిగాను."

"పోటు వస్తుంటే?"

"అప్పటికి ఇంకా రాలేదు. టైముంది." కాళ్లు రుద్దుకున్నాడు. "మొదటి కర్ర దాటాను. రెండో కర్ర కనబడలేదు. తల పక్కకి తిప్పితే కనబడుతుంది. దానికేసి నడుద్దామని తిన్నగా చూస్తే మాయమైపోతుంది. మళ్లీ తిప్పితే ఉంటుంది. అలా ఎంతసేపు నిలబడ్డానో. ఒక అడుగు వేశాను, కాలు దిగబడింది. లాక్కుని వెనక్కి వచ్చేశాను." చేతిలో బూటు కింద పెట్టాడు. "నడిమధ్యలో ఏమీ లేదు హేజెల్. అంచులన్నీ ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు."

హేజెల్ పక్కన కూర్చుంది. కూర్చున్నదే కానీ, రెండు నిమిషాలకి మళ్లీ లేచి, "సోమవారం డాక్టర్ దగ్గరికి. నేనే తీసుకెళ్తాను. అలిగితే వీపున మోసుకెళ్తాను," అంది.

"నీ మాటలకి వేలాదిమంది మెచ్చుకుని వెళ్లారు ఈ వేసవిలో," అన్నాడు మాల్కమ్. "నిజంగానే బాగా చెప్పావు."

"నోరు మూసుకుని టీ తాగు," అంది ఆమె.

డాక్టర్లు చెప్పింది, పోయిన చూపు తిరిగి రాదని. మిగిలింది తొందరగా పోకుండా కంట్లోకే సూది వేస్తామన్నారు. వేయించుకున్నాడు. ఇంట్లో మాత్రం ఒక్క పూట కూర్చోలేకపోయాడు. తాళ్ల దగ్గర నేను ఉండాల్సి వచ్చింది కాబట్టి నా టీ కొట్టు అతని చేతికి ఇచ్చాను. అంతకంటే చెడ్డ ఆలోచన నాకు ఇంకొకటి రాలేదు. టీలు కప్పుల్లో కంటే బల్ల మీదే ఎక్కువ పోశాడు. పడవ ఇంజన్ చప్పుడు దగ్గరకొస్తే చాలు, పెనం మీద బేకన్ వదిలేసి బయటికి పరిగెత్తి, గట్టు అంచున నిలబడేవాడు. ఎవరైనా వెళ్లి వెనక్కి లాక్కొచ్చేసరికి అది బొగ్గయ్యేది. కొన్ని రోజులు కొట్టుకి రాకుండానే మళ్లీ హార్బర్ చుట్టూ నడిచిపోయేవాడు, ఈసారి పెద్దరోడ్డు వెంటే. ఆ రోజుల్లో హేజెల్ రేవుకి ఇంకాస్త గట్టిగా తగిలించేది.

సెప్టెంబర్ ఆఖర్లో, గాలి గట్టిగా వీస్తున్న ఒక మధ్యాహ్నం, సైకిళ్లతో ఒక గుంపు కొట్టు దగ్గర ఆగింది. మేం అప్పుడే తాడు కడుతున్నాం. వాళ్లలో ఒకావిడ, "ఈ పడవ నడిపేది ఎవరండీ?" అని అతన్నే అడిగింది.

"మా ఆవిడ," అన్నాడు మాల్కమ్. "గాలి ఉంది కదా, రేవుకి గుద్దుతుంది. గట్టిగా పట్టుకుని కూర్చోండి."

"విన్నాను!" అని అరిచింది హేజెల్ పడవలోంచి.

"వినాలనే అన్నాను!" అని అరిచి, అతను కొట్లోంచి బయటికి వచ్చాడు, గాలి ఎటు నుంచి ఉందో చూడ్డానికి.